సాలారుజంగు దివానుగిరి - మన సీమలో మంత్రివర్గమునకు నాంది

చిల్పూరు గుట్టమీద వెలసిన స్వామిని బుగులు వేంకటేశ్వరుడని మన ప్రాంతమువారు కొలుచుచున్నారు. పెండ్లికై కుబేరునివద్ద తెచ్చిన అప్పు తీర్చు దారి తోచక స్వామి దిగులుతో ఈ గుట్టకు వచ్చి తపస్సు చేసెనని స్థలపురాణము. అప్పు దేవునికైనను బుగులు పుట్టించునని పెద్దలు చెప్పగా మనము చిన్ననాటినుండి వినుచున్నదే. ఈ సీమనంతటిని ఏలిన హైదరాబాదు రాజ్యమే ఒకప్పుడు అట్టి బుగులులో మునిగియుండెను. ఆ కాలమున ఇరువదినాలుగేండ్ల యువకు డొకడు రాజ్యభారమును తలకెత్తుకొని, ముప్పదియేండ్లు దించకుండ మోసి, ఆ మోతలోనే ప్రాణము విడిచెను. ఆయనయే మొదటి సాలారుజంగు.

ఆయన మన కులమువాడు కాడు; ఆయన ఇంటి భాష మన భాషయు కాదు. కులసభ సంచికలో ఆయన చరిత్ర యేల యని చదువరులలో కొందఱు ప్రశ్నింపవచ్చును. మహాసభ కూడిన ప్రతిసారియు మనము తీర్మానములు గావింతుము. విద్యార్థి వసతిగృహమునకు స్థలము కావలెననియో, ఉద్యోగములలో న్యాయమైన వాటా కావలెననియో మంత్రులకు మహజరులు సమర్పింతుము. ఆ మంత్రిపదవి ఎట్లు పుట్టినది, వేఱు వేఱు మంత్రులు కూడి ఒక మంత్రివర్గ మగుట ఎట్లు సంభవించినది, ఆ వర్గము ఎవరికి జవాబు చెప్పవలెను అను సంగతులను మనలో పెక్కుమంది విచారింపరు. హైదరాబాదు రాజ్యమున ఈ కథకు మొదలు సాలారుజంగు. కావున ఆయన జీవితమును ఈ దృష్టితో వ్రాయబూనితిమి.

మీర్ తురాబ్ అలీఖాన్ 1829వ సంవత్సరమున జన్మించెను. ఆయన పూర్వులు మదీనానుండి వచ్చి బిజాపూరు సుల్తానుల కొలువులో చేరినవారు. పిదప నైజాము ఆశ్రయమునకు వచ్చిరి. హైదరాబాదులో నేటికిని ఒక చెరువునకు పేరై నిలిచిన మీర్ ఆలం, తాతయగు మునీరుల్ముల్కు, పినతండ్రియగు సిరాజుల్ముల్కు - ముగ్గురును దివానులే. అయితే ఇంటిలో దివానుగిరి యున్నంతమాత్రమున అధికార మున్నదనుకొనరాదు. మునీరుల్ముల్కు పేరునకు దివాను. పని యంతయు పేష్కారగు చందూలాలు చేతిలో జరుగుచుండెను. పదవి యొకచోటను, పెత్తన మొకచోటను ఉన్న రాజ్యమున లెక్క అడుగువాడును ఉండడు, చెప్పువాడును ఉండడు. చందూలాలు 1843లో తొలగునప్పటికి బొక్కసము వట్టిపోయి, షావుకార్ల పద్దులు మాత్రము నిండియుండెను.

బాలుడు తురాబ్ అలీ తండ్రిని చిన్నతనముననే కోల్పోయి పెద్దల పోషణలో పెరిగెను. పారసీకము చదివెను, ఇంగ్లీషు నేర్చెను. పందొమ్మిది యేండ్ల ప్రాయమున ఆయనకు దొరకిన మొదటి ఉద్యోగము ఖమ్మంమెట్టు తాలూకాదారీ. అంతకుముందు డైటన్ అను ఆంగ్లేయుడు ఆ పనిలో నుండెను. ఆయన యేర్పఱచిన పద్ధతులను ఈ యువకుడు శ్రద్ధతో గమనించెను. ఆ కొలువు కొలదిమాసములే యైనను దాని ఫలము కొంచెము కాదు. రైతు శిస్తు ఎక్కడ బయలుదేరి ఎన్ని చేతులు మాఱి బొక్కసమునకు ఎంత చేరుచున్నదో తెలిసిన దివాను ఆయనకు ముందు అరుదు. ఆ తెలివిడి మన తెలుగు గ్రామములలోనే కలిగినదని మనము జ్ఞాపకముంచుకొనదగును.

1853 మే నెల 21వ తేదీన కుంపిణీవారు నైజామునవాబు నాసిరుద్దౌలాచే ఒక సంధి వ్రాయించుకొనిరి. కంటింజెంటు సేన జీతముల బాకీకై బీరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివ సీమను వారికి అప్పగింపవలసివచ్చెను. సంధి జరిగిన కొలదిదినములలోనే దివాను సిరాజుల్ముల్కు మరణించెను. మే 31వ తేదీన తురాబ్ అలీఖాన్ దివానయ్యెను. పినతండ్రి శోకము, పోయిన సీమల అవమానము, మిగిలిన సీమల అప్పులు - ఈ మూడును ఆయనకు ఒకేసారి సంక్రమించెను.

ఆనాటి స్థితి నేటివారికి ఊహింప సాధ్యము కాదు. జిల్లా అనునది లేదు. సీమలను గుత్తకిచ్చుటయే పరిపాలన. ముందుగా రొక్క మిచ్చినవానికి తాలూకా. వాడు చెల్లించినదానికి పదింతలు లాగినను అడుగువాడు లేడు. తాలూకాదారులకు వసూలుపై రూపాయికి రెండణాల చొప్పున ముట్టుచుండెను. అరబ్బు జమేదారులు, రోహిలాలు సర్కారునకు అప్పిచ్చి, తాకట్టుగా ఊళ్లను పట్టుకొని కూర్చుండిరి. వారికి సొంత చెఱసాల లుండెను. బాకీదారులను వారే బంధించుచుండిరి.

తురాబ్ అలీ ఈ చిక్కును కత్తితో కోయలేదు. ముడి వెంట ముడి విప్పుకొనుచు పోయెను. షావుకార్లతో లెక్కలు తేల్చి తాకట్టులోనున్న తాలూకాలను క్రమముగా విడిపించెను. గుత్తదారులను తొలగించి జీతగాండ్రగు తాలూకాదారులను నియమించెను. నగరమున సర్కారు ఖజానా నొకదానిని నెలకొల్పెను. నాణెముల ముద్రణము పలువురి చేతులలోనుండి తప్పించి హాలీసిక్కాను నిలువరించెను. వినుటకు ఇవి సామాన్యములుగ తోచును. కాని ప్రతి తాలూకా విడుదలయు ఒక జమేదారునకు పగయే. ప్రతి జీతమును ఒక గుత్తదారుని నోటికూడే.

1857వ సంవత్సర వృత్తాంతమును ఇచట విస్తరింపము. ఆ మే మాసమున నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా గద్దె నెక్కెను. జులై 17వ తేదీన తుఱ్ఱేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ అనువారు రెసిడెన్సీపై దాడి నడపిరి. దివాను ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. దీనికి ప్రతిఫలముగ 1860లో రాయచూరు, ధారాశివ సీమలు మరల వచ్చినవి, ఏబదిలక్షల బాకీ రద్దయినది, సురపురము కలిసినది. రాజ్యము నిలిచినదని కొందఱు ఆయనను కీర్తింతురు. దేశస్వాతంత్ర్యమునకు ద్రోహము జరిగినదని కొందఱు నిందింతురు. రెండును విని, మేము చెప్పగలిగిన దింతమాత్రము: ఆయన లెక్క వేసినది హైదరాబాదు రాజ్యమును గుఱించియే, దేశమను భావము ఆ లెక్కలో చేరలేదు. తుఱ్ఱేబాజ్ ఖాన్ ప్రాణములతో చెల్లించిన మూల్యమును నేటి హైదరాబాదు మఱువలేదు.

బయటివారి మెప్పు దివానునకు ఇంట శత్రుత్వమై పరిణమించెను. అఫ్జలుద్దౌలాకు మంత్రిపై అనుమానము మెండు. రాజ్యము నడపు మంత్రి నగరము విడిచిపోవుటకు ప్రభువు అనుజ్ఞ వేడవలసియుండెను. 1859లో దర్బారునుండి రెసిడెంటుతో కూడ వెలువడుచుండగా ఆయనపై హత్యాప్రయత్నము జరిగెను; 1868లో పండుగ దర్బారునకు పోవుచుండగా మఱల జరిగెను. రెండుమాఱులును ఆయన బ్రతికెను. 1867లో వైరము ముదిరి రాజీనామా వఱకు పోగా, రెసిడెంటు కలుగజేసికొనుటచేత ఆయన పదవి నిలిచెను. ప్రభువునకు ఇష్టము లేని మంత్రిని బయటి బలము నిలుపుట రాజ్యమునకు శుభమా యను ప్రశ్న ఇచట పుట్టుచున్నది. అయితే ఆనాడు మంత్రిని నిలుపుటకు గాని దింపుటకు గాని ప్రజకు అధికారము లేదు. ప్రభువు, రెసిడెంటు - ఈ ఇరువురి నడుమనే మంత్రి బ్రతుకు.

ఇక ముఖ్యమైన ఘట్టమునకు వచ్చుచున్నాము. 1864లో శిస్తు వ్యవహారములను విచారించుటకు ఒక రెవిన్యూ మండలి ఏర్పడెను. 1865లో జిల్లాబందీ జరిగెను. రాజ్యమును జిల్లాలుగ విభజించి, జిల్లాకు అవ్వల్ తాలూకాదారును, వానిక్రింద దువ్వం, సువ్వం తాలూకాదారులను, తాలూకాకు తహసీలుదారును నియమించిరి. నేడు మన చిల్పూరు మండలమున పహాణీకై మన మెవరిని వెదకుచున్నామో ఆ తహసీలుదారు పదవి ఇక్కడ వేళ్లూనినది ఆ యేర్పాటుతోనే.

జిల్లాలు నిలిచినపిదప కాగితములు పెరిగినవి. ఒక్క దివాను న్యాయమును, శిస్తును, పోలీసును, బాటలను, బడులను చూచుకొనుట అసాధ్యమయ్యెను. 1868లో ఆయన నలుగురు సదరుల్‌మహాములను, అనగా శాఖామంత్రులను, నియమించెను. ఒకరికి న్యాయము, ఒకరికి మాలు, ఒకరికి పోలీసు. నాలుగవవారికి విద్య, వైద్యము, పురపాలనము, మరామతు మున్నగు చిల్లర శాఖలు. న్యాయశాఖను వహించిన బషీరుద్దౌలా యనువారే తరువాత ఆస్మాన్ జా బిరుదముతో 1887లో ప్రధానియైరి. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క మంత్రి యను మాట హైదరాబాదు రాజ్యమున రూపము దాల్చుట ఇదియే మొదలు.

అయితే ఇది మంత్రివర్గమా? కాదని మా యభిప్రాయము. మన దేశమున రాజులకు మంత్రులు ఎన్నడును కొదువ కాదు. 1674లో శివాజీ పట్టాభిషేకమునాడు అష్టప్రధానులు ఆసనములు స్వీకరించిరి. ఆ కాలముననే గోలకొండలో మాదన్న సర్వాధికారియై రాజ్యము నడపెను. వీరందఱును ఎవరికివారుగ ప్రభువునకు జవాబుదారులు. ఒకరి తప్పునకు వేఱొకరు తలయొగ్గరు. ఇంగ్లండులో కథ వేఱుగా నడచినది. 1714లో జర్మనీనుండి వచ్చిన మొదటి జార్జి కాలమునుండి రాజు మంత్రుల సభకు వచ్చుట మానుకొనగా, మంత్రులలో ఒకరు అధ్యక్షత వహించుట అలవాటయ్యెను. 1721నుండి వాల్పోలు ఆ స్థానమును బలపఱచెను. సభలోపల ఎంత వాదించుకొన్నను, వెలుపల అందఱిది ఒకే మాట. పార్లమెంటు విశ్వాసము పోయినచో అందఱును కలిసి దిగవలెను. ఈ రెండు కట్టుబాట్లు లేనియెడల మంత్రులు ఎందఱున్నను అది వర్గము కాదు, వరుస మాత్రమే.

సాలారుజంగు నియమించిన నలుగురు ఒక వరుసయే. వారు కూడి తీర్మానించుట లేదు. ప్రతి ముఖ్య వ్యవహారమును దివాను ఎదుటికే రావలెను. పైగా ప్రతి శాఖకును మోతమదు అను కార్యదర్శి యుండెను. దివాను విశ్వాసము ఆ కార్యదర్శులపై మెండు. మంత్రులు గొప్పయింటి నవాబులు. పని తెలిసినవారు కార్యదర్శులు. కావున పేరు మంత్రిది, కలము కార్యదర్శిది, మాట దివానుది. పని పంచెను గాని అధికారమును పంచలేదు.

దీనికి ఆయనను నిందించుట సులభము. కాని జమేదారులు చుట్టుముట్టి, ప్రభువు అనుమానించి, రెసిడెంటు కనిపెట్టుకొనియున్న స్థితిలో అధికారమును పంచి యిచ్చుటకు నమ్మకమైన చేతులు ఎన్ని దొరకును? మన కులసంఘములలోనే చూడుడు. కార్యవర్గ మని పదునైదుగురి పేళ్లు అచ్చు వేయింతుము. చందా పుస్తకము, ముద్ర, తాళపుచెవి ఒక్క కార్యదర్శి యింట నుండును. ఆయన దొడ్డవాడైనంతకాలము పని సాగును. ఆయన జబ్బుపడిననాడు పద్దులు ఎక్కడున్నవో తెలిసినవాడు ఉండడు. రాజ్యమునకును అంతే.

1869 ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా మరణించెను. వారసుడగు మహబూబ్ అలీఖాన్ మూడేండ్లైన నిండని పసివాడు. సాలారుజంగును, అమీరె కబీరును కూడి రాజప్రతినిధులైరి. అనుమానించు ప్రభువు లేకపోగా పనులు వేగము పుంజుకొన్నవి. 1874లో వాడినుండి హైదరాబాదునకు రైలు వచ్చెను. సర్వే, అడవులు, తపాలా, వైద్యము క్రమముగా నెలకొనెను. ఉత్తరదేశమునుండి చదువరులను రప్పించి ఆయన శాఖలలో కూర్చుండబెట్టెను; సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహిసినుల్ముల్కు, చిరాగ్ అలీ అట్టివారు. సమర్థులని మేమును ఒప్పుకొందుము. కాని ముల్కీ, గైరుముల్కీ యను తగవునకు విత్తనము ఇక్కడనే పడెను. ఈ తగవు 1952లో వరంగల్లులో విద్యార్థుల ఆందోళనగా మొదలై హైదరాబాదున కాల్పులవఱకు పోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకమే.

మఱియొక లోపము మన సీమకు మఱింత గట్టిగా తగిలినది. గుత్త పోయి జీతపు తహసీలుదారు వచ్చుటతో దేశముఖులకు వసూలు పని తప్పెను. వారి వంశహక్కులకు బదులు సర్కారు రుసుము లిచ్చెను. కాగితముమీద ఇది న్యాయమే. కాని లెక్కలు, హద్దులు ఎఱిగినవారు ఊళ్లలో వారే కదా! భూమి సర్వే జరిగి పట్టాలు వ్రాయబడు కాలమున, తరతరములుగ దున్నిన రైతుల నేలలు పెక్కుచోట్ల దేశముఖుల పేర కెక్కినవని చరిత్రకారులు పలువురు వ్రాసియున్నారు. జనగామ సీమలోని విసునూరు దేశముఖుల పెత్తనము, 1946 జులై 4వ తేదీన కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగుట ఎఱుగనివారు ఈ ప్రాంతమున లేరు. ఎనుబదియేండ్ల ముందటి జిల్లాబందీకిని ఆ తుపాకి మ్రోతకును నడుమ ఒక దారి యున్నది. దివానుగారి కొలువులో తెలుగు ఊరినుండి వచ్చి, సేద్యగాని మాట చెప్పగల మంత్రి యొక్కడైనను ఉండియుండిన ఆ దారి కొంత మళ్లియుండెడిదేమో. దర్బారు భాష పారసీకము. రైతు భాష తెలుగు, మరాఠీ, కన్నడము. ఫిర్యాదు పైకి పోవులోపల రెండుమూడు భాషలు మాఱుచుండెను.

బీరారు మాట దివాను ఎన్నడును మఱువలేదు. పదవి చేపట్టుటకు పదిదినముల ముందు పోయిన సీమ యది. దానిని తిరిగి పొందుటయే ఆయన జీవితాశ. 1876లో ఆయన సీమకు పయనమయ్యెను. రోమునగరమున మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను కొనెను. సాలారుజంగు మ్యూజియమున దానిని చూచి మూడవ సాలారుజంగు కొన్నదని భ్రమించువారు పలువురు; కొన్నది ఈయనయే. పారిసులో మెట్లమీద జారిపడి కాలు విరుగుటచేత కుంటుచునే లండనున అడుగు పెట్టెను. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము గౌరవపట్టము నిచ్చెను. లండను నగరము పౌరసత్వ గౌరవము నిచ్చెను. విందులకు కొదువ లేదు. బీరారు మాత్రము ఇయ్యలేదు. అంతేకాక, తిరిగివచ్చినపిదప సర్కారువారి మన్నన సన్నగిల్లెను. 1877లో తోటి ప్రతినిధి మరణింపగా, ఆయనకు బద్ధవిరోధియగు వికారుల్ ఉమ్రాను ఆ స్థానమున కూర్చుండబెట్టిరి. 1857లో ఎవరిని నిలిపెనో వారే తన చేయి విఱుచుట ఆ వృద్ధమంత్రి చూడవలసివచ్చెను. వృద్ధుడంటిమి గాని అప్పటికి ఏబదియేండ్లైన నిండలేదు. ఆ పని మనుష్యుని అట్లు చేసెను. 1881లో వికారుల్ ఉమ్రా మరణించువఱకు ఈ ఒత్తిడి తగ్గలేదు.

1883 ఫిబ్రవరి 7వ తేదీన జర్మనీనుండి వచ్చిన రాజకుమారునకు మీర్ ఆలం చెరువుపై వినోదము జరిగెను. ఆతిథ్యము ముగిసినపిదప దివానునకు వాంతిభేది సోకెను. మఱునాడు, ఫిబ్రవరి 8వ తేదీన, ఆయన కన్ను మూసెను. ఏబదినాలుగేండ్ల జీవితములో ముప్పదియేండ్లు ఆయన ఒక్క కొలువుననే గడపెను. దాయిరా మీర్ మోమిన్ శ్మశానమున ఆయనను సమాధి చేసిరి.

అధికారమంతయు ఒక్క చేతిలోనుండి ఆ చేయి ఒక్క రాత్రిలో చల్లబడిన యెడల ఏమగునో హైదరాబాదు అప్పుడు చూచెను. నైజాము ఇంకను బాలుడే. వెంటనే ఒక ప్రతినిధిసభ కూర్చిరి. సాలారుజంగు కుమారుడు లాయక్ అలీఖానును, పేష్కారు రాజా నరేంద్రబహద్దరును కూడి పాలింపవలసివచ్చెను. ఇరువురికిని పొసగలేదు. 1884 ఫిబ్రవరిలో రిప్పన్ ప్రభువు వచ్చి మహబూబ్ అలీఖానునకు అధికారము లొసగగా, లాయక్ అలీ దివానై మూడేండ్లు నిలిచెను. నైజాము అధ్యక్షతన ఒక రాజ్యసభ ఏర్పడి అణగారెను. పిదప 1893లో ఖానూంచె ముబారక్ అను శాసనముతో మంత్రులు కూడి ఆలోచించు క్యాబినెట్ కౌన్సిలు వచ్చెను. సాలారుజంగు నిలిపిన వరుస సభగా మాఱుటకు ఇరువదియైదేండ్లు పట్టెను.

ఆ సభ ఎంత బలహీనమో 1914లో తేటపడెను. మనుమడగు మూడవ సాలారుజంగు దివానుగిరి తొలగగా, ఉస్మాన్ అలీఖాన్ ఐదేండ్లు తానే దివానుగ పాలించెను, అడ్డుపడినవారు లేరు. 1919లో సర్ అలీ ఇమామును అధ్యక్షునిగ నియమించి ఎగ్జిక్యూటివు కౌన్సిలు స్థాపించెను. మహారాజా కిషన్ పర్షాదు, అక్బర్ హైదరీ, ఛత్తారీ నవాబు, మీర్జా ఇస్మాయిలు, లాయక్ అలీ వరుసగ ఆ పీఠ మెక్కిరి. వీరిలో సమర్థులున్నారు. కాని వీరిలో ఒక్కరిని గూడ ప్రజ నిలుపలేదు, ప్రజ దింపలేదు. 1948 సెప్టెంబరులో ఆ కౌన్సిలు అంతరించి సైనికపాలనము వచ్చెను; 1950లో వెల్లోడి ముఖ్యమంత్రియై, బూర్గుల రామకృష్ణారావు మొదలగు కొందఱు కాంగ్రెసు నాయకులను మంత్రులుగ చేర్చుకొనెను.

సాలారుజంగు కొలువుదీరిన దివాన్ దేవిడీ భవనమున 1951 డిసెంబరు 16వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ మ్యూజియమును తెఱచెను. అప్పటికి రాజ్యమంతట ఎన్నికల సందడి. 1952 మార్చి 6వ తేదీన, నూటడెబ్బదియైదుగురు సభ్యుల శాసనసభకు జవాబుదారియై బూర్గులవారి మంత్రివర్గము ప్రమాణము చేసెను.